డమ్మీ సార్

ప్లంబింగు సామాన్ల కొట్టు కనబడితే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచి వెళ్ళే మనిషి చెన్నై మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ కొట్లలో ఎక్కడో ఒక మూల జానెడు నీలం ప్లాస్టిక్ గొట్టం ముక్క వేలాడుతూ ఉంటుంది. అది నన్ను చూసి నవ్వుతున్నట్టుంటుంది. గొట్టాలు నవ్వవని నాకూ తెలుసు. కానీ జరిగింది వింటే, పాపం అది నవ్వడంలో తప్పేమీ లేదని మీరే అంటారు. అంత ఘోరం చేశాను. చెప్పుకుందామంటే సిగ్గు, ఊరుకుందామంటే మా ఆవిడ సునీత చెప్పేస్తుంది. ఆవిడ చెబితే ఇంకో గుప్పెడు కారం కలిపి చెబుతుంది కాబట్టి, ఆ పనేదో నేనే చేస్తున్నాను.

మైలాపూరులో ఓ పాత మూడంతస్తుల బిల్డింగులో మా కాపురం. విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో జరిగిందిది. కొత్తలో అంటే నాకు తమిళం రాని రోజులు కావు, వచ్చేసిందని అనుకుంటున్న రోజులు. మొదటి రకం కంటే రెండో రకం చాలా ప్రమాదం. నా సిద్ధాంతం ఏమిటంటే, తమిళంలో సగం మాటలు మనకు తెలిసినవే, మిగతా సగం చేతులు తిప్పితే తెలిసిపోతాయి. ఈ సిద్ధాంతంతో నేను కూరగాయలు కొన్నాను, ఆటోలు ఎక్కాను, ఒకసారి ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళి భోజనం కూడా చేసి వచ్చాను. ఎక్కడా ఇబ్బంది రాలేదు.

ఇంత సమర్థుణ్ణని కనిపెట్టి బిల్డింగువాళ్ళు నన్ను సెక్రటరీని చేశారు. నిజం చెప్పాలంటే, "ఎవరు చేస్తారు?" అని అడిగినప్పుడు అందరూ ఫోన్లలోకి తలలు దూర్చేశారు. నా ఫోన్లో ఛార్జింగు లేదు.

మా కింద ఫ్లాటులో కనకమ్మగారని ఒక పెద్దావిడ ఉండేవారు. అందరూ పాట్టి అనేవాళ్ళు, నేను మామ్మగారూ అని పిలిచేవాణ్ణి. రాయపురంలో తరతరాలుగా పప్పుల హోల్‌సేలు వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం వాళ్ళది. భర్త పోయాక కొట్టు మరుదులకు వదిలేసి, బ్యాంకులో పనిచేసే కూతురితో మా బిల్డింగుకి వచ్చారు. ఆవిడ తెలుగు భలే ఉండేది. మాటల మధ్యలో తమిళం ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో పట్టుకోలేం. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో నా ప్రాణం మీదికి వచ్చింది.

మామ్మగారు పొద్దున్నే లేచి మెట్లు కడిగేవారు. వాకిలి కడిగేవారు. కాంపౌండు గోడ పొడవునా ఆవిడ పెంచే కనకాంబరం కుండీలకు నీళ్ళు పోసేవారు. శుక్రవారం వచ్చిందంటే ప్రతి ఇంటికీ ఒక మూర పూలు వెళ్ళేవి. ఆ పూలు తలలో పెట్టుకున్నవాళ్ళే, ఎండాకాలం వచ్చి పైన ట్యాంకు ఖాళీ అవడం మొదలయ్యేసరికి ఆవిడ బిందె వంక చూడటం మొదలుపెట్టారు. రెండో అంతస్తు వరదరాజన్‌గారు, రిటైరైన లెక్కల మాస్టారు, చూడటంతో ఆగలేదు. "గ్రౌండ్ ఫ్లోర్‌లోనే పోతున్నాయి నీళ్ళన్నీ" అని మెట్ల మీద నిలబడి, కింద ఫ్లాటుకు వినబడేటట్టు తీర్పు చెప్పారు.

ఆ సాయంత్రం మామ్మగారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాయనా, నువ్వు సెక్రటరీవి గదా. ప్రతి ఇంటికీ ఒక మీటరు పెట్టించు. ఎవరెంత వాడతా ఉండారో అదే చెప్తాది. రాయపురంలో అంత కాలం కొట్టు నడిపినాము. తక్కెడలో తప్పు తూచినారని ఒక్క మనిషి మమ్మల్ని అన్లేదు. ఈ వయసులో ఈడికొచ్చి నీళ్ళదొంగ అనిపించుకోవాల్నా?"

నేను గుండె మీద చెయ్యేసుకుని, "మీరు దిగులుపడకండి మామ్మగారూ. మీటరు నిజమే చెబుతుంది" అన్నాను. మీటరు చెప్పేదేమో. మధ్యలో నేనున్నానుగా.

శేఖర్ అనే ప్లంబర్‌ని పిలిపించాం. మనిషి హుషారైనవాడు. ఒక చెవి దగ్గర ఎప్పుడూ ఫోను, రెండో చెవి వెనక పెన్సిలు ఉండేవి. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా గోడలో గూడు చెక్కి, గొట్టం కోసి, సిమెంటు పూశాడు. మీటర్లు ఎలా ఉన్నాయో చూద్దామని సెక్రటరీ హోదాలో నేను కిందికి దిగాను. పై అంతస్తులో శేఖర్ మనిషి డ్రిల్లింగు మిషను తిప్పుతున్నాడు, బిల్డింగంతా గుర్రుమంటోంది. మామ్మగారి గూట్లో రెండు గొట్టాల మధ్య నీలం రంగు ముక్క ఒకటి బిగించి ఉంది. అంకెలు లేవు, అద్దం లేదు. నీళ్ళు ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు మాత్రం ఉంది.

"ఎన్నప్పా ఇదు?" అన్నాను, ఏంటయ్యా ఇది అని.

"డమ్మీ సార్" అన్నాడు శేఖర్ తలెత్తకుండా.

నా మొహం మాడిపోయింది. సామాను గురించి అడిగితే నన్ను డమ్మీ సార్ అంటాడా! ఓట్లేసి గెలిపించిన సెక్రటరీని! ఓట్లు వెయ్యలేదనుకోండి, అది వేరే విషయం. ఇంకెవరైనా అయితే, "డమ్మీ ఏంటయ్యా?" అని మళ్ళీ అడిగేవారు. నేను పౌరుషం దిగమింగి, పెద్దమనిషి తరహాలో మాట మార్చాను.

"రీడింగ్ ఎంగే?" రీడింగు ఎక్కడ అని.

"అదు అప్పురం వరుం సార్."

ఆ గుర్రు మోతలో నాకు వినబడింది 'యాప్' అన్న ముక్క, 'వరుం' అన్న ముక్క. ఓహో, రీడింగు యాప్‌లో వస్తుందన్నమాట! స్మార్టు మీటరు! అందుకే అంకెల్లేవు. ఈ నీలం ముక్క దాని పైతొడుగు కాబోలు. అదొక్కటీ తేల్చుకుందామని, "ఇదె ఎడుక్కణుమా?" అన్నాను. ఇది తియ్యాలా అని.

"ఎడుక్క అవసరం ఇల్ల సార్" అన్నాడు.

అవసరం లేదట. ఎంత తేట తమిళం! ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. నన్ను నేనే మెచ్చుకుంటూ మెట్లెక్కాను.

మీ దగ్గర దాచడం ఎందుకు, అది మీటరు కాదు. మీటరు పొడవుకి సరిపోయే ఉత్త ప్లాస్టిక్ గొట్టం. సిమెంటు ఆరేదాకా గొట్టం రెండు కొసలూ పక్కకు జరక్కుండా, మీటరు పట్టేంత సందు మిగిలేటట్టు పెట్టే అడ్డుముక్క. దాన్ని ప్లంబర్లు డమ్మీ అంటారు. తర్వాత అది తీసి ఆ చోట మీటరు బిగిస్తారు. అప్పురం అంటే తర్వాత. వాడు నన్నేమీ అనలేదు. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, నన్ను అనివున్నా తప్పు లేదు.

ఆ ఆదివారం మేడమీద మీటింగు పెట్టి అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. "ఇది మామూలు మీటరు కాదు. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ లోపల అంతా నడుస్తుంటుంది. ప్రతి చుక్కా లెక్కలోకి వస్తుంది."

"రీడింగు ఎవరు చూస్తారు?" అన్నారు వరదరాజన్‌గారు.

"నా ఫోన్లో వస్తుందండీ."

సాఫ్ట్‌వేర్ మనిషి చెబుతున్నాడు కదా అని అందరూ నమ్మేశారు. అందరికంటే ఎక్కువగా మామ్మగారు నమ్మారు. "నిజం తేలిపోతాది, అది చాలప్పా" అని కళ్ళు తుడుచుకున్నారు.

నేను యాప్ కోసం వెతికాను. నీళ్ళ మీటరు పేరుతో ఏదో కనబడితే దింపాను. తెరిస్తే ఒక సున్నా గుండ్రంగా తిరుగుతూ ఉండేది. అది తిరుగుతూనే ఉంది. మన ఉద్యోగంలో ఇలాంటి సున్నాలు మామూలే, ఎప్పుడో ఒకప్పుడు ఆగి ఏదో చూపిస్తుందిలే అని ఊరుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో, పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మామ్మగారు గుమ్మంలో ఎదురయ్యారు. పాల ప్యాకెట్లు పట్టుకుని వరదరాజన్‌గారు కూడా అక్కడే ఉన్నారు.

"నాయనా, నా మీటరు ఏం చెప్తా ఉండాది?" అని మామ్మగారు అడిగారు.

"ఎస్, టెల్ అస్, మిస్టర్ సెక్రటరీ" అన్నారు వరదరాజన్‌గారు.

ఇక్కడ మీరు నవ్వడం కాసేపు ఆపాలి. ఎందుకంటే ఇక్కడిదాకా నేను చేసింది తెలివితక్కువ పని, ఇక్కణ్ణుంచి చేసింది తప్పు పని. "ఇంకా ఏమీ రాలేదండీ" అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, వరదరాజన్‌గారి ముందు ఏమీ రాలేదని ఎలా అంటాను? ఫోను తీశాను. తిరుగుతున్న సున్నాని గంభీరంగా చూశాను. బిల్డింగంతా అనుకుంటున్నదే కదా, నేనూ లోపల అనుకుంటున్నదే కదా అని, నోటికొచ్చింది అనేశాను.

"కొంచెం... ఎక్కువగానే చూపిస్తోందండీ మామ్మగారూ."

వరదరాజన్‌గారు పాల ప్యాకెట్లు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. మామ్మగారు మాత్రం ఆ నీలం ముక్క వంక చూస్తూ నిలబడిపోయారు. తక్కెడ తనకు ఎదురు చెప్పడం ఆవిడ జీవితంలో అదే మొదలు కాబోలు. "అట్టనా? సెరి" అన్నారు. అంతే.

మర్నాటి నుంచి మెట్లు కడగలేదు. వాకిట్లో చెంబుడు నీళ్ళు చల్లి ఊరుకున్నారు. కుండీలకు బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం పోసేవారు. వారం గడిచాక మళ్ళీ గుమ్మంలో నిలబడి, "ఇప్పుడన్నా తగ్గిందా నాయనా?" అని అడిగారు. ఒకసారి ఎక్కువుందని అన్నాక, ఉన్నట్టుండి ఏమీ లేదని ఎలా అంటాం? "తగ్గుతోందండీ... ఇంకాస్త తగ్గితే బాగుంటుంది" అన్నాను. ఆ రోజుతో బియ్యం కడిగిన నీళ్ళు కూడా గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాయి. కనకాంబరాలు ముందు తలలు వాల్చాయి, తర్వాత ఆకులు రాల్చాయి. పైన ట్యాంకు మాత్రం ఎప్పట్లాగే ఖాళీ అవుతూనే ఉంది. కనీసం అది చూసైనా నాకు అనుమానం రావాలా వద్దా?

సునీతకు వచ్చింది. "ఈ శుక్రవారం కూడా పూలు రాలేదండీ. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఎంత వాడేస్తారని? ఏదీ, ఆ యాప్ నాకోసారి చూపించండి."

"సెక్యూరిటీ ఉంటుంది సునీతా. సెక్రటరీ తప్ప ఇంకెవరూ చూడకూడదు."

"మీ సెక్యూరిటీ సంగతి తర్వాత. మన బాత్రూంలో ఫ్లష్ రాత్రీ పగలూ కారుతూనే ఉంది. ఆ శేఖర్‌కి ఫోన్ చేసి రమ్మనండి."

చెయ్యక్కర్లేకుండా శేఖరే ఫోన్ చేశాడు. "సార్, నాళైక్కి వరట్టుమా? అవసరమా?" అన్నాడు. రేపు రానా, అవసరమా అని అడుగుతున్నాడు. మీటర్లు పెట్టేశాడు, ఇంకేం అవసరం? ఫ్లష్‌దేముంది, నేనే ఏదో మర తిప్పుతాను. "అవసరం ఇల్ల, అవసరం ఇల్ల" అన్నాను. నొక్కి మరీ రెండుసార్లు అన్నాను. "రొంబ థాంక్స్ సార్!" అని వాడు ఎంతో సంతోషపడ్డాడు. పని లేదంటే ఇంత సంతోషపడే పనివాణ్ణి నేను అదే చూడటం.

తర్వాత చాలా రోజులు శేఖర్ అయిపూ అజా లేడు. ఒక ఆదివారం పొద్దున నేను రెండో కాఫీ తాగుతుంటే కింది నుంచి మామ్మగారి పిలుపు వినబడింది. "నాయనా! ఒక తూరి ఈడికి రా!" మామూలు పిలుపు కాదు. కొట్లో తూకం తేడా వస్తే గుమాస్తాను పిలిచే పిలుపు అయ్యుంటుంది.

దిగి చూద్దును కదా, శేఖర్ మామ్మగారి గూటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన అట్టపెట్టె నిండా ఇత్తడి మీటర్లు. ఒక్కోదానికీ అద్దం, అద్దంలో అంకెలు. వాడి చేతిలో అప్పుడే ఊడదీసిన నీలం ముక్క. మామ్మగారి పక్కన ఆవిడ కూతురు. మెట్ల మీద వరదరాజన్‌గారు. నా వెనకే సునీత.

"ఏంది నాయనా ఇది? ఇప్పుడు మీటరు పెడతా ఉండానంటాడు వీడు. మరి ఇన్నాళ్ళూ ఈడ ఉండింది ఏంది?"

"డమ్మీ పాట్టి" అన్నాడు శేఖర్, గొట్టంలోంచి నన్ను చూస్తూ. ఇటు నుంచి అటు బాగా కనబడుతోంది. లోపల ఏమీ నడవడం లేదు.

నేను వాడి మీద విరుచుకుపడ్డాను. "నువ్వేగా తియ్యాల్సిన అవసరం లేదన్నావు! ఎడుక్క అవసరం ఇల్ల అనలేదూ?"

"ఆమా సార్, సొన్నేన్" అన్నాడు, అవును అన్నానని. "నీంగళుం ఫోన్‌ల అవసరం ఇల్లన్ను సొన్నీంగళే సార్!" మీరు కూడా ఫోన్లో అవసరం లేదనే అన్నారుగా అని. అందుకే వాడు హాయిగా ఎన్నూరులో పెద్ద పని ఒప్పుకుని, అది పూర్తి చేసుకుని మరీ వచ్చాడు.

ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరం నిజమే చెబుతున్నాం, అయినా కొట్టుకునేలా ఉన్నాం. మామ్మగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు.

"ఉండండప్పా. నాయనా, నీ అవసరం వేరే, వాడి అవసరం వేరే. తెలుగులో అవసరం అంటే కావాల్సింది. అరవంలో అవసరం అంటే తొందర. తియ్యడానికి తొందర లేదని వాడు చెప్పినాడు. తియ్యనే అక్కర్లేదని నువ్వు అనుకున్నావు. రమ్మంటావా, తొందరా అని వాడడిగితే, తొందరేం లేదని నువ్వు చెప్పినట్టయింది. అంతేనా?"

అంతే. మెట్ల మీద వరదరాజన్‌గారు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హమ్మయ్య, భాష మీదికి పోయింది, బతికిపోయాననుకున్నాను. మామ్మగారు మాత్రం నవ్వలేదు. శేఖర్ చేతిలోంచి ఆ నీలం ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"సెరి. అది భాషతో వచ్చిన తప్పు. ఇంకొకటి అడగతా, చెప్పు నాయనా. నేను ఎక్కువ వాడతా ఉండానని ఏ మీటర్లో చూసినావు?"

పైన మా బాత్రూంలో ఫ్లష్ కారుతున్న శబ్దం కూడా వినబడిందని సునీత ఇప్పటికీ అంటుంది. నేను నోరు తెరిచాను. తెలుగు రాలేదు, తమిళం రాలేదు.

"తక్కెడే లేకుండా తూకం చెప్పినావే" అన్నారు మామ్మగారు. గట్టిగా అనలేదు. ఆ ముక్కని నా చేతిలో పెట్టి, ఎండిన కుండీల వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయారు. ఆ చూపును తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. నేను చిన్నప్పటి నుంచి చాలా తిట్లు తిన్నాను. అన్నిటికంటే బరువైంది ఆ తిట్టు లేని మాటే.

వరదరాజన్‌గారు కిందికి దిగి వచ్చి, నా భుజం తట్టి వెళ్ళారు. అసలు మీటర్లు తిరిగాక ఆ తట్టుడు ఎందుకో తెలిసింది. బిల్డింగులో అందరికంటే ఎక్కువ తిరిగింది మా ఇంటి మీటరు. దాని వెనకే వరదరాజన్‌గారిది. అందరికంటే తక్కువ తిరిగింది కింద ఫ్లాటుది. అందరూ బతిమాలితే ఆవిడ మళ్ళీ మెట్లు కడగడం మొదలుపెట్టాక కూడా అదే తక్కువ.

ఆ వారమంతా పొద్దున్నే లేచి మా ఇంట్లోంచి బిందెతో నీళ్ళు మోసి కుండీలకు పోశాను. కొన్ని చిగిర్చాయి. గేటు పక్కన రెండు మాత్రం ఎంత పోసినా లేవలేదు. మైలాపూరు వీధుల్లో తిరిగి కొత్త మొక్కలు తెచ్చి నాటాను. మామ్మగారు కిటికీలోంచి చూశారు గానీ పలకరించలేదు. శేఖర్ ఎప్పుడైనా వస్తే "డమ్మీ సార్ ఎప్పడి ఇరుక్కీంగ?" అని, ఎలా ఉన్నారని ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు. ఈసారి నిజంగా నన్నే అంటున్నాడు. ఇప్పుడు నాకు పౌరుషం రావడం లేదు.

అంచేత పాఠకుల సమక్షంలో, నా షెల్ఫులో దేవుడి పటం పక్కన ఉన్న ఆ నీలం గొట్టం ముక్క మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. అర్థం కాని మాట ఎవరన్నా, అది నన్ను తిట్టినట్టే వినబడినా సరే, మళ్ళీ ఒకసారి అడుగుతాను. తిరిగే సున్నాలోకి చూసి ఎవరి లెక్కా చెప్పను. ఇక అవసరం అనే మాట నా నోటి వెంట రావాలంటే, ఎదుటివాడిది ఏ భాషో కనుక్కున్నాకే వస్తుంది.

ఈ ప్రమాణం మొదటిసారి మనసులో చేసుకున్న రోజే కింది ఫ్లాటు తలుపు తట్టాను. చాలా రోజుల తర్వాత ఆ శుక్రవారమే సునీతకు మూర పూలు వచ్చాయి, దాంతో కాస్త ధైర్యం చిక్కింది. మామ్మగారు పూలు కడుతున్నారు.

"మామ్మగారూ, నేను చేసింది పెద్ద తప్పు. నన్ను క్షమించాలి మీరు" అన్నాను.

ఆవిడ దారం ముడి వేసి, తలెత్తి నన్ను చూశారు.

"దానికేం అవసరం లేదులే నాయనా" అన్నారు.

అని మళ్ళీ పూలు కట్టుకోవడంలో పడ్డారు. నేను మెట్లెక్కి సగం దూరం వచ్చి ఆగిపోయాను. అది తెలుగు అవసరమా, తమిళ అవసరమా? తెలుగైతే క్షమాపణ అక్కర్లేదని, నన్ను ఎప్పుడో క్షమించేశారని. తమిళమైతే క్షమించడానికి ఇప్పుడేం తొందర, ఇంకొన్నాళ్ళు నీళ్ళు మొయ్యి అని. అర్థం కాని మాట మళ్ళీ అడుగుతానని కాసేపటి క్రితమేగా ప్రమాణం చేశాను? అయినా వెనక్కి దిగి అడిగే ధైర్యం ఈ డమ్మీ సారుకి లేకపోయింది. అందుకే ఇప్పటికీ రోజూ పొద్దున్నే కుండీలకు నీళ్ళు పోస్తున్నాను.